పాత కారులో బిగుసుకున్న పవర్ స్టీరింగ్: కారణాలు, పరీక్షలు, మరమ్మతు

పవర్ స్టీరింగ్ ఉన్న కారులో స్టీరింగు తిప్పడానికి భుజాలు నొప్పెట్టేంత బలం పట్టడాన్ని షెడ్లలో ‘స్టీరింగ్ టైటు’ అంటారు. ఇది ఒక రోగం కాదు, చాలా రోగాలకు ఉమ్మడి లక్షణం. ముందు టైర్లలో గాలి తగ్గడం, పంపును తిప్పే బెల్టు వదులవడం, స్టీరింగ్ ఆయిల్ పాడైపోవడం, స్టీరింగు కింది జాయింటు తుప్పుపట్టడం, స్టీరింగు తిప్పుడును చక్రాలకు చేరవేసే ర్యాకు లోపలి సీళ్లు అరగడం, కరెంటుతో పనిచేసే స్టీరింగయితే బ్యాటరీ బలహీనపడడం, వీటిలో ఏదైనా కావచ్చు. పదిహేనేళ్లు దాటిన బండిలో రెండు మూడు కలిసే ఉంటాయి. మొదటి అనుమానం మాత్రం ఎప్పుడూ పంపు మీదికో ర్యాకు మీదికో పోతుంది. అన్నింటికన్నా ఖరీదైనవి అవే, అన్నింటికన్నా చివర చూడాల్సినవీ అవే.

ప్రాంతం, బండ్లు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ఉన్న జిల్లా 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడింది. బెంగళూరు–హైదరాబాదు జాతీయ రహదారి (ఒకప్పుడు 7వ నంబరు, ఇప్పుడు 44) మొదటి రెండు ఊళ్ల మీదుగా సాగి, బాగేపల్లి దాటాక కొడికొండ దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడుతుంది. చింతామణి ఆ రోడ్డుకు తూర్పున, మదనపల్లె వైపు ఉంది. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇంటా బజారులో వినిపించేది చాలావరకు తెలుగే. షెడ్డు బోర్డు కన్నడంలో ఉన్నా బండి బాధ చెప్పుకునేది తెలుగులో. నంబరు ప్లేట్లు మాత్రం కేఏ-40 చిక్కబళ్లాపురానివి, కేఏ-67 చింతామణివి.

ఈ నేల స్టీరింగును రెండు విధాలా ఇబ్బంది పెడుతుంది. ఎండాకాలం ఎర్రమట్టి దుమ్ము, కంకర క్వారీల చుట్టూ రాతిపొడి. వానలు పడ్డాక చెరువుకట్టల మీదా తోటల దారుల్లోనూ బురద. ర్యాకు రెండు చివర్లా ఉండే రబ్బరు బూట్లు చిరిగితే ఈ దుమ్మూ బురదా నేరుగా లోపలికి చేరతాయి. జాతీయ రహదారి మీద వేగంగా పోయేటప్పుడు పవర్ స్టీరింగుకు పెద్దగా పని ఉండదు కాబట్టి, బెంగళూరుకు రోజూ తిరిగే బండిలో కూడా జబ్బు చాలాకాలం బయటపడకపోవచ్చు. అదే బండిని శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్ దగ్గరో, చింతామణి టమోటా మండీ దగ్గరో సందులో వెనక్కీ ముందుకీ తిప్పాల్సి వచ్చినప్పుడు విషయం తెలుస్తుంది. నంది కొండ ఎక్కే ఘాటు మలుపుల్లోనూ అంతే.

లోడు ఎక్కువై స్టీరింగు గట్టిపడిందన్న మాట తరచూ వినబడుతుంది. వెనక ఇరుసుకు వెనక ఎన్ని టమోటా క్రేట్లు వేసినా ముందు చక్రాల మీద బరువు తగ్గుతుందే గాని పెరగదు. ఆ బరువుకు స్టీరింగు తేలికపడాలి. గట్టిపడిందంటే కారణం ఇంకెక్కడో ఉంది.

మోటారు బండ్ల చరిత్రలో ఈ జిల్లాకు ఒక చోటుంది. చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1930లలో దేశంలోనే కార్లు తయారుచేసే కర్మాగారానికి పథకం వేసి, యూరప్, అమెరికా ఫ్యాక్టరీలు చూసివచ్చారు. ఆ ఆలోచన వాల్‌చంద్ హీరాచంద్ చేతుల్లో 1944లో బొంబాయి ప్రీమియర్ ఆటోమొబైల్స్‌గా రూపం తీసుకుంది. ఆ కంపెనీ పద్మిని కారుకు పవర్ స్టీరింగ్ లేదు. సన్న టైర్లు, పెద్ద స్టీరింగు, డ్రైవరు చేతులు, అంతే.

బలం ఎక్కడినుంచి వస్తుంది

నిలబడి ఉన్న కారు చక్రాన్ని తిప్పడమంటే నేలను హత్తుకుని ఉన్న రబ్బరును ఉన్నచోటే రాపాడించడం. కారు కదిలితే టైరు దొర్లుతూ తిరుగుతుంది, అందుకే నడిచే వేగం అందుకున్నా స్టీరింగు చాలా తేలికవుతుంది. టైరు వెడల్పు పెరిగినా, గాలి తగ్గి నేలను తాకే మేర పెరిగినా, ముందు బరువైన డీజిల్ ఇంజను ఉన్నా బలం ఎక్కువ కావాలి.

అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లో నూనె ఒత్తిడితో పనిచేసే స్టీరింగును కారులో అమర్చి నడిపి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కారులో అది కనబడ్డానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1951లో క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్ మోడల్లో పెట్టింది. 1988లో జపాన్‌లో సుజుకి తన చిన్నకారు సెర్వోలో నూనె, పంపు లేకుండా విద్యుత్ మోటారుతోనే సాయమందించే పద్ధతి తెచ్చింది. మన దేశంలో పవర్ స్టీరింగ్ మామూలు కుటుంబాల కార్లలోకి దిగింది 1990ల చివర్లోనే. బెంగళూరు దగ్గర బిడదిలో 2000 నుంచి 2005 దాకా తయారైన టొయోటా క్వాలిస్, దాని తర్వాత వచ్చిన మొదటి తరం ఇన్నోవా ఈ రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఇన్నోవాది నూనె స్టీరింగే.

నూనె పద్ధతిలో ఇంజను బెల్టు ఒక పంపును తిప్పుతుంది. పంపు లోపల రోటరు గాళ్లలో జారే పలుచని రేకులు ఉంటాయి. అవి నూనెను ఒత్తి, బండిని బట్టి 70 నుంచి 100 బార్ దాకా ఒత్తిడి పుట్టించగలవు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త ఎక్కువ, దాంతో పోలిస్తే ఇది ముప్పై నలభై రెట్లు. ఈ నూనె ఎటు పోవాలో నిర్ణయించేది స్టీరింగు కడ్డీ అడుగున ఉన్న వాల్వు. దాని మధ్యలో సన్నని ఉక్కు ఊచ ఉంటుంది. డ్రైవరు స్టీరింగు తిప్పినప్పుడు టైర్లు మొరాయిస్తే ఆ ఊచ కొద్ది డిగ్రీలు మెలితిరుగుతుంది. ఆ మెలికకు వాల్వు తెరుచుకుని, నూనె ర్యాకులోని పిస్టనుకు ఒక పక్కన చేరి దాన్ని నెడుతుంది. టైర్లు తిరిగాయంటే ఊచ మళ్లీ తిన్నబడుతుంది, సాయం ఆగుతుంది. పంపు పూర్తిగా చచ్చిపోయినా స్టీరింగుకూ చక్రాలకూ మధ్య ఇనుప బంధం అలాగే ఉంటుంది కాబట్టి బండిని తిప్పవచ్చు, కండబలం కావాలంతే.

ఎంత బలం పడితే ఎక్కువ? ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 79వది ప్రయాణికుల కారు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో మలుపు తిరిగేటప్పుడు స్టీరింగు మీద 150 న్యూటన్లకు, అంటే సుమారు 15 కిలోల బలానికి మించకూడదంటుంది. పవర్ ఆగిపోయినా 300 న్యూటన్లు దాటకూడదు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న చిన్నకారు దీనికన్నా చాలా తేలిక. కొన్ని జపాన్ కంపెనీల సర్వీసు పుస్తకాల్లో, నిలబడ్డ బండికే మూడు, మూడున్నర కిలోలు దాటితే పరీక్షించమని ఉంటుంది. దీన్ని కొలవడానికి చింతపండు తూచే స్ప్రింగ్ కాటా చాలు. నున్నటి సిమెంటు నేల మీద బండి నిలిపి, ఇంజను వేసి, కాటా కొక్కేన్ని స్టీరింగు అంచుకు తగిలించి, అంచు తిరిగే దిశలో నెమ్మదిగా లాగాలి. టైర్లు కదలడం మొదలైన క్షణాన ముల్లు ఎక్కడుందో చూసి రాసుకోవాలి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. మరమ్మతు అయ్యాక మళ్లీ కొలిస్తే ‘కొంచెం తేలికయినట్టుంది సార్’ అనే మాట మీద ఆధారపడాల్సిన పని ఉండదు.

పరీక్ష ఏ వరసలో

పరీక్ష నేల నుంచి పైకి పోవాలి. మొదట టైర్ల గాలి. డ్రైవరు తలుపు పక్కన అతికించిన చీటీలో కంపెనీ చెప్పిన సంఖ్య ఉంటుంది. సుమారు 30 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 20 ఉంటే పవర్ స్టీరింగ్ ఉన్నా బండి మొండికేస్తుంది. తర్వాత టైరు సైజు. వెడల్పయిన టైర్లు, బయటికి పొడుచుకొచ్చిన అల్లాయ్ చక్రాలు వేసుకున్న పాత కారు గట్టిగా తిరగడం రోగం కాదు, యజమాని కొని తెచ్చుకున్న బరువు.

తర్వాత రెండు ముందు చక్రాలూ నేల విడిచేలా జాకీ వేసి, బండి కింద స్టాండ్లు పెట్టి, ఇంజను ఆపి ఉండగానే స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలి. ఈ ఒక్క పరీక్ష జబ్బులను రెండు గుంపులుగా విడగొడుతుంది. టైరు రాపిడి లేదు, పవర్ లేదు, అయినా బిగువుగా ఉందంటే తప్పు ఇనుములోనే ఉంది, నూనెను ముట్టనక్కర్లేదు. గాలిలో హాయిగా తిరిగి నేల మీద బిగిస్తే పవర్ అందడం లేదని అర్థం.

ఇనుములో తప్పుంటే అది ఎక్కడుందో చేతికే తెలుస్తుంది. స్టీరింగు ఒక చుట్టు తిప్పేలోపు రెండుచోట్ల బిగిసి రెండుచోట్ల వదులైతే, స్టీరింగు కడ్డీ అడుగున, ఇంజను గదిలో ఉండే యూనివర్సల్ జాయింటు తుప్పుపట్టిందన్నమాట. ఆ జాయింటు నిర్మాణమే అంత, చుట్టుకు రెండుసార్లు దాని పట్టు మారుతుంది. బురద నీళ్లు చిమ్మే దారుల్లో తిరిగే బండ్లకు ఇది మామూలు. ఎన్నిసార్లు ర్యాకు మార్చినా ఈ బిగువు పోదు, ర్యాకు మార్చాక గానీ జాయింటు సంగతి తేలని బండ్లూ ఉంటాయి.

షాకబ్జార్బరు పైన ఉండే బేరింగు పట్టేస్తే లక్షణం వేరు. ఒకరు స్టీరింగు నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి స్ప్రింగును తాకి చూడాలి. బేరింగు బాగుంటే స్ప్రింగు చక్రంతో పాటు సాఫీగా తిరుగుతుంది. పట్టేసి ఉంటే స్ప్రింగు మెలిపడి మెలిపడి ఒక్కసారిగా ‘టంగ్’మని వదులుకుంటుంది, ఆ అదురు వేళ్లకు తగులుతుంది. ఇలాంటి బండ్లలో మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను మధ్యకు రాదు. కింది బాల్ జాయింట్లలో గ్రీజు ఎండిపోయినా, ర్యాకును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు పట్టేసినా అదే బాధ.

లారీలకూ జీపు జాతి పాత బండ్లకూ ర్యాకు బదులు స్టీరింగ్ బాక్సు ఉంటుంది. దాని పైన ఒక సర్దుబాటు స్క్రూ. ప్లే, అంటే చక్రాలను కదపకుండా స్టీరింగు ఊరికే తిరిగే మేర, ‘ఎక్కువుంది’ అని డ్రైవరు అడిగితే ఆ స్క్రూ బిగించడం షెడ్లలో పాత అలవాటు. టై రాడ్ ఎండ్ అరిగి వచ్చిన ప్లేను బాక్సులో బిగిస్తే ప్లే పోదు, పైగా తిన్నగా పోయేటప్పుడు, మధ్య స్థానంలోనే స్టీరింగు పట్టేస్తుంది. రెండు పక్కలా తిప్పితే వదులు, మధ్యలో బిగువు అన్నది ఆ స్క్రూ పెట్టిన సంతకం.

పవర్ అందకపోతే ఎప్పుడు, ఎటువైపు అన్నవి అడగాలి. ఎటు తిప్పినా బిగువుగా ఉండి, యాక్సిలరేటరు తొక్కితే తేలికవుతుంటే పంపు వైపు చూడాలి. బెల్టు వదులు, నూనె తక్కువ, పంపు అరుగుదల, ఈ మూడింట్లో ఒకటి. కుడికి తేలిక, ఎడమకు గట్టి అయితే పంపు నిర్దోషి, ఎందుకంటే పంపుకు కుడి ఎడమలు తెలియవు. తప్పు ర్యాకులోని పిస్టను సీలుదో వాల్వుదో. పొద్దున్నే గట్టిగా ఉండి, బండి వేడెక్కాక మామూలయితే అదీ ర్యాకు వాల్వు సీళ్ల అరుగుదలే. 1980లలో జనరల్ మోటార్స్ కార్లలో ఈ జబ్బు ఎంత విస్తారంగా వచ్చిందంటే అమెరికన్ మెకానిక్కులు దానికి వేవిళ్ల పేరు పెట్టారు. అల్యూమినియం గొట్టంలో టెఫ్లాన్ రింగులు గాళ్లు కోసుకుని, నూనె చల్లగా ఉన్నంతసేపు పక్కకు జారిపోయేది. నంది కొండ కింద డిసెంబరు, జనవరి పొద్దుల్లో ఇదే రకం ఫిర్యాదు వస్తే నూనె చిక్కబడిందని సరిపెట్టుకోవడం మామూలు. కొంత నిజం ఉన్నా ఈ చలికి ఆరోగ్యమైన స్టీరింగు అంతగా బిగియదు. దీనికి తలకిందులు, పొద్దున తేలిగ్గా ఉండి మధ్యాహ్నపు ఎండలో వంద కిలోమీటర్లు నడిచాక గట్టిపడడం. పలుచబడ్డ నూనెను అరిగిన పంపు ఒత్తలేకపోతోందని దాని అర్థం.

స్టీరింగ్ నూనె ఉండే డబ్బా మూత తీసి నూనె చూడడం అన్నింటికన్నా తేలికైన పరీక్ష. ఎర్రగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగితే పాతది, నల్లబడి మాడు వాసన వేస్తే బాగా ఆలస్యమైంది. వేళ్ల మధ్య రుద్దితే మెరిసే పొడి తగిలితే అది పంపు లోపలి ఇనుము. మెత్తటి నల్ల పలుకులు తగిలితే పైపు లోపలి రబ్బరు ఊడుతోంది. నురగ ఉంటే గాలి చేరింది. ఇంజను ఆపిన వెంటనే డబ్బాలో నూనె మట్టం పైకి లేస్తే కూడా అంతే, లోపల నలిగి ఉన్న గాలి ఉబ్బడం వల్ల అలా జరుగుతుంది. గాలి ఎక్కువగా చొరబడేది డబ్బా నుంచి పంపుకు పోయే లావు పైపు దగ్గర. అది నూనెను పీల్చుకునే చోటు కాబట్టి అక్కడ బీట ఉంటే నూనె బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద ఒక్క చుక్క పడకుండా పంపు మూలుగుతుంటే వెతకాల్సింది ఆ క్లిప్పు దగ్గరే.

అనుమానం పంపు మీదా ర్యాకు మీదా సమానంగా మిగిలినప్పుడు ప్రెషర్ గేజీ తేలుస్తుంది. పంపు, ర్యాకుల మధ్య పైపు విప్పి గేజీ, దాని వెనక ఒక వాల్వు బిగిస్తారు. ఇంజను నడుస్తుండగా వాల్వు క్షణకాలం మూస్తే పంపు ఒంటరిగా ఎంత ఒత్తిడి ఇస్తుందో కనబడుతుంది. మూసి ఉంచేది అయిదారు సెకన్లే, అంతకు మించితే పంపే కాలిపోతుంది. వాల్వు మూస్తే ముల్లు బాగా లేచి, తెరిచి స్టీరింగు ఫుల్ కట్ చేసినప్పుడు, అంటే కొసదాకా తిప్పినప్పుడు, లేవకపోతే నూనె ర్యాకు లోపలే జారిపోతోంది. రెండుసార్లూ లేవకపోతే పంపుదే పాపం. ఈ గేజీ ఉన్న షెడ్డు ఏ ఊళ్లో ఉన్నా ఒక అనవసరపు ర్యాకు ఖర్చు తప్పించగలదు. చాలా షెడ్లలో అది ఉండదు, ఉన్నచోట వాడే ఓపిక ఉండదు.

మరమ్మతు

పంపు బెల్టును బిగించడం, పాతదైతే కొత్తది వేయడం తేలికపని. బొటనవేలితో మధ్యలో నొక్కితే సెంటీమీటరు దాకా వంగాలి, స్వయంగా బిగువు సర్దుకునే యంత్రమున్న బండ్లలో ఆ యంత్రం స్ప్రింగు చూడాలి. ఫుల్ కట్‌లో కీచుమంటే బెల్టే. మరీ బిగిస్తే పంపు బేరింగు పోతుంది.

నూనె మార్చడం చవకైన వైద్యం, కానీ సరైన నూనె కావాలి. డబ్బా మూత మీదే రకం రాసి ఉంటుంది. టొయోటా పాత బండ్లు చాలావాటికి ఎర్రటి డెక్స్రాన్ రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ పడుతుంది. హోండాకు తన సొంతది కావాలి, కొన్ని యూరప్ కార్లకు ఆకుపచ్చది. అన్నీ ఒకటే అని కలిపిన మిశ్రమం సీళ్లను ఉబ్బించవచ్చు. అన్నింటికన్నా ఘోరం, చేతికందిందని బ్రేక్ ఆయిల్ పోయడం. అది నూనె కాదు, గ్లైకాల్. పవర్ స్టీరింగ్ రబ్బరు సీళ్లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, తర్వాత పంపు, ర్యాకు, పైపులు అన్నీ విప్పాల్సిందే.

మార్చే పద్ధతి ఇది. ముందు చక్రాలు నేల విడిచి ఉండాలి. ర్యాకు నుంచి డబ్బాకు తిరిగివచ్చే పైపు విప్పి సీసాలోకి పెట్టి, డబ్బా నోటికి బిరడా పెట్టాలి. ఒకరు ఇంజను వేయకుండానే స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు నింపాదిగా తిప్పుతుంటే ఇంకొకరు డబ్బాలో కొత్త నూనె తగ్గకుండా పోస్తూ ఉండాలి. డబ్బా ఒట్టిపోతే గాలి చేరి పని మొదటికొస్తుంది. సీసాలోకి ఎర్రగా, శుభ్రంగా రావడం మొదలయ్యాక పైపు తగిలించి, మళ్లీ ఇంజను ఆపే స్టీరింగు పదిపదిహేనుసార్లు తిప్పితే గాలి బుడగలు డబ్బాలోకి వచ్చేస్తాయి. ఆ తర్వాతే ఇంజను వేయాలి. కొన్ని బండ్ల డబ్బా అడుగున సన్నటి జల్లెడ ఉంటుంది. అది పూడిపోతే కొత్త నూనె పోసినా పంపు ఆకలితో మూలుగుతూనే ఉంటుంది. జల్లెడ విడిగా రాకపోతే డబ్బానే మార్చాలి.

లీకును ఆపుతాయనే మందులు అంగళ్లలో దొరుకుతాయి. ఎండిన సీళ్లను అవి కొన్నాళ్లు ఉబ్బిస్తాయి, తర్వాత మెత్తబరుస్తాయి. అమ్మేయబోయే బండికి తప్ప ఇంకెక్కడా వాటికి చోటు లేదు, అక్కడ చోటివ్వడమూ కొనేవాడిపట్ల న్యాయం కాదు.

తుప్పుపట్టిన యూనివర్సల్ జాయింటుకు నూనె కొడితే కొన్ని వారాలు వదులవుతుంది. ఆ వదులు చూసి తృప్తిపడకుండా జాయింటు మార్చాలి. విప్పేముందు స్టీరింగును తిన్నగా పెట్టి తాడుతో కట్టేయడం మర్చిపోకూడదు. ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో కడ్డీ విడిగా ఉన్నప్పుడు స్టీరింగు గిరగిరా తిరిగితే లోపలి చుట్టవైరు తెగిపోతుంది. అప్పుడు హారన్ మూగబోతుంది, ఎయిర్‌బ్యాగు లైటు వెలుగుతుంది, ఒక జబ్బు స్థానంలో ఇంకోటి వస్తుంది.

ర్యాకే దోషి అని తేలాక మూడు దారులు. సీళ్ల కిట్టు వేయించడం, పాతది కొనడం, కొత్తది వేయడం. కిట్టు వేసే ముందు బూటు వెనక్కి తీసి లోపలి కడ్డీ చూడాలి. అద్దంలా మెరుస్తుంటే కిట్టు పనిచేస్తుంది. బూటు చిరిగి ఏళ్ల తరబడి ఎర్రమట్టి పడి, కడ్డీ మీద తుప్పు గుంటలుంటే కొత్త సీలును అవి కొద్ది నెలల్లో నమిలేస్తాయి, ఆ డబ్బు వృథా. పాత ర్యాకుల కోసం ఈ ఊళ్లవాళ్లు ఎక్కువగా పోయేది బెంగళూరు జేసీ రోడ్డుకూ శివాజీనగరానికీ. తెలుగునాట విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు అలాంటి పేరుంది. పాతది కొనేటప్పుడు బూట్లు పిండి చూడాలి, లోపల నూనె చిలకరిస్తే ఆ ర్యాకు అప్పటికే పోయింది. బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఏ దారి ఎంచుకున్నా కొత్త బూట్లు, కొత్త క్లిప్పులు వేయించాలి. మొత్తం పనిలో చవకైన వస్తువు అదే, పని ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేదీ అదే.

ఫుల్ కట్‌లో స్టీరింగును బిగబట్టి ఉంచడం పంపుకు విషం. ఒత్తిడి అంతా సేఫ్టీ వాల్వు మీద పడి నూనె కాగుతుంది. కొస తగిలాక ఒక వేలెడు వెనక్కి వదిలితే చాలు.

విద్యుత్ స్టీరింగ్

2000 తర్వాత చిన్నకార్లలో నూనె స్థానాన్ని మోటారు ఆక్రమించుకుంది. ఇందులో గాలి, నూనె, బెల్టు లేవు గానీ ఆకలి ఉంది. నిలబడి తిప్పేటప్పుడు 50 ఆంపియర్ల దాకా, పెద్ద కార్లలో అంతకన్నా ఎక్కువ లాగుతుంది. అందుకే మొదట చూడాల్సింది బ్యాటరీ. ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6, నడుస్తున్నప్పుడు 14 చుట్టూ ఓల్టులు ఉండాలి. బ్యాటరీ కొనల మీద తెల్లటి పూత, బాడీకి బిగించిన ఎర్తు వైరు వదులు, ఇవి కొత్త మోటారు కొనిపించిన చిల్లర తప్పులు. తోటలో నిలిపిన బండ్లలో ఎలుకలు వైర్లు కొరకడమూ ఉంది.

స్టీరింగు బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగితే స్కానరు పెట్టి కోడు చదవాలి, ఊహతో భాగాలు మార్చకూడదు. ఎక్కువసార్లు సూచించేది డ్రైవరు బలాన్ని కొలిచే టార్క్ సెన్సారును. చాలా బండ్లలో అది కడ్డీతో కలిసి ఒకే భాగంగా వస్తుంది. ఇరుకు సందులో పదేపదే తిప్పాక కాసేపు గట్టిపడి, ఆపితే మళ్లీ మామూలైతే అది చెడిపోవడం కాదు, వేడెక్కిన మోటారును కాపాడుకోవడానికి కంప్యూటరు సాయం తగ్గించడం. మోటారో కడ్డీయో మార్చినప్పుడు మధ్య స్థానాన్ని స్కానరుతో నేర్పించాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

రోడ్డు మీద, ఆర్టీవో ముందు

డీజిల్ ఆదా అవుతుందని నంది కొండ దిగేటప్పుడు ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో జారనిచ్చే అలవాటు కొందరు డ్రైవర్లకుంది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, స్టీరింగు ఒక్కసారిగా రాయవుతుంది. బ్రేకుకు సాయపడే వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కులకు అయిపోతుంది. తాళం పూర్తిగా వెనక్కి తిప్పి తీసేస్తే స్టీరింగు లాకే పడుతుంది. బాగున్న బండినే బిగుసుకున్న బండిగా మార్చుకోవడం ఇది, అదీ మలుపులో.

సొంత కారు రిజిస్ట్రేషన్ మన చట్టంలో 15 ఏళ్లకు. ఆపైన బండి తనిఖీ చేయించుకుని అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 98వది స్టీరింగులో ప్లే 30 డిగ్రీలు దాటకూడదని చెబుతుంది. అందుకే తనిఖీకి ముందు ప్లే తగ్గించాలని స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించి తీసుకెళ్లే పాత జీపుల యజమానులకు కాగితం దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో స్టీరింగు మధ్యలో పట్టేస్తుంటే, మరుసటి రోజు అదే షెడ్డులో ఆ స్క్రూను మళ్లీ వదులు చేయించి, అసలు ప్లే ఇచ్చిన టై రాడ్ ఎండ్లను మార్పించుకోవాల్సి ఉంటుంది.